శతక పద్యాన్ని చివరి నుంచి చదవండి

(మకుటం మీద ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం.)

అందరికీ నమస్కారం. నేనొక పద్యం మొదలుపెడతాను, మీరు పూర్తి చేయండి.

"ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడఁ జూడ రుచుల జాడ వేరు, పురుషులందు పుణ్యపురుషులు వేరయా..."

విన్నారా? హాలంతా ఒక్క గొంతుతో "విశ్వదాభిరామ వినురవేమ" అనేసింది. ఎవరూ తడుముకోలేదు. మొదటి మూడు పాదాలు చెప్పమంటే కొందరు ఆగుతారు, కొందరు తడబడతారు. నాలుగోది మాత్రం అందరి నోటా ఉంది. ఇవాళ నేను మాట్లాడేది ఆ నాలుగో పాదం గురించే. పద్యం మారినా మారని పాదం. దాన్నే మకుటం అంటున్నాం.

ఎందుకు దీని గురించే మాట్లాడాలి? నాకొక బాధ ఉంది, చెప్పేస్తాను. ఈమధ్య వాట్సాప్‌లో వేమన పద్యం పంపేవాళ్లు మూడు పాదాలు రాసి, నాలుగో దాని బదులు చుక్కలు పెడుతున్నారు. వేదికల మీద చదివేవాళ్లు కూడా మొదటి పాదాలు చక్కగా రాగం తీసి, మకుటం దగ్గరికి వచ్చేసరికి గబగబా అనేసి దిగిపోతున్నారు. అదేమంటే, "అది ఎలాగూ ఉండేదే కదండీ" అంటారు. ఎలాగూ ఉండేదే! అంటే అది పద్యం కాదా? పద్యం అయిపోయాక కొట్టే ముద్రా? నేను కాదంటాను. మకుటం చివర తగిలించింది కాదు. శతకకారుడు ముందు మకుటం పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి పద్యం కడతాడు. ఇది ఊరికే అంటున్న మాట కాదు, లెక్క కట్టి చూపిస్తాను.

శతకం అంటే మీకు తెలిసిందే. నూరు పద్యాలు, చాలాచోట్ల నూట ఎనిమిది. కథ లేదు. ఏ పద్యానికా పద్యమే, ముక్తకం. ఒకదాని తర్వాత ఇంకొకటే ఎందుకు రావాలంటే కారణం ఉండదు. మరి వీటన్నిటినీ కలిపి ఒక పుస్తకం అనిపించేదేమిటి? మకుటం ఒక్కటే.

ఇప్పుడు మకుటాల పొడవు చూడండి. బద్దెన రాశాడని చెప్పుకునే శతకంలో 'సుమతీ' అనే ఒక్క మాట. కంచర్ల గోపన్న, మన భద్రాచల రామదాసు, దాదాపు సగం పాదం తీసుకున్నాడు: 'దాశరథీ కరుణాపయోనిధీ'. వేమన పద్యాల్లో పాదం పాదమంతా మకుటమే. ధర్మపురి శేషప్ప ఏకంగా రెండు పాదాలు తీసుకున్నాడు: 'భూషణవికాస శ్రీధర్మపురనివాస, దుష్టసంహార నరసింహ దురితదూర'. ఒక మాట, సగం పాదం, పాదం, రెండు పాదాలు. ఎందుకిలా? ఎవరిష్టం వారిదా? సుమతి శతకం రాసినాయన కూడా పాదమంతా మకుటం చేసుకుని ఉంటే పని సులువయ్యేది కదా, ఎందుకు చేసుకోలేదు?

చేసుకోలేదు కాదు, చేసుకోవడానికి వీల్లేదు. సుమతి శతకం కంద పద్యం. కందానికి ప్రాస ఉండాలి, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి. "అక్కరకు రాని చుట్టము, మ్రొక్కిన వరమీని వేల్పు, మోహరమునఁ దా నెక్కినఁ బారని గుర్రము, గ్రక్కున విడువంగవలయు గదరా సుమతీ." అక్క, మ్రొక్క, నెక్క, గ్రక్క. నాలుగో పాదం మొత్తాన్ని మకుటంగా బిగించేశామనుకోండి, ఏమవుతుంది? ఆ పాదంలో రెండో అక్షరం కూడా బిగుసుకుపోతుంది. నూరు పద్యాల్లోనూ అదే ప్రాస. ఊపిరాడదు. అందుకే కందంలో మకుటం పాదం చివరికి, ప్రాసకు దూరంగా వెళ్లిపోయింది. కందంలో నాలుగో పాదం గురువుతో, అంటే పలకడానికి రెట్టింపు కాలం పట్టే అక్షరంతో ముగియాలి, సుమతీ అనే మాట సరిగ్గా ఆ చివరి గణంలో, అంటే చివరి అక్షరాల గుంపులో, కూర్చుంటుంది. శ్రీశ్రీ కందాల్లో శతకం రాస్తూ 'సిరిసిరిమువ్వా' అని మకుటం పెట్టుకున్నాడు. అదీ పాదం చివరే.

ఆటవెలది, తేటగీతి అనే పద్యాలకు ఆ ప్రాస నియమం లేదు. వేమనది ఆటవెలది. అందుకే వేమన పాదమంతా తీసుకోగలిగాడు. శేషప్ప రాసింది సీసం, అంటే నాలుగు పెద్ద పాదాలు, వాటి కింద తేటగీతో ఆటవెలదో ఒక గీతి ఉంటుంది. గీతికి ప్రాస లేదు కనుక రెండు పాదాలు తీసుకున్నా ఇబ్బంది లేదు. అంటే మకుటం ఎంత పొడవుండాలో ఛందస్సు చెబుతోంది. ఇంకోలా అంటే, పాదమంతా మకుటం కావాలనుకున్న కవి ఆటవెలదినో గీతినో ఎంచుకుని తీరాలి. ఏది ముందు, ఏది వెనక?

వేమన మకుటాన్ని ఒక్కసారి విడగొట్టి చూద్దాం. నాతోపాటు అనండి. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు సూర్యగణాలు, అంటే ఒక గురువు, ఒక లఘువు (పొట్టి అక్షరం) గానీ, మూడు లఘువులు గానీ ఉండే చిన్న గణాలు. ఆటవెలది రెండో పాదానికీ నాలుగో పాదానికీ కావలసింది సరిగ్గా అదే. మరి యతి? అంటే పాదం మొదటి అక్షరానికీ, పాదం మధ్యలో ఒక నిర్ణీత స్థానంలో ఉన్న అక్షరానికీ కుదరాల్సిన పొత్తు. మొదటి గణం మొదటి అక్షరం 'వి', నాలుగో గణం మొదటి అక్షరం 'వి'. యతి కూడా తనలోనే ఉంది. ఈ పాదం ఎవరి మీదా ఆధారపడదు. పైన ఏ మూడు పాదాలు వచ్చినా సరే, తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. శేషప్ప రెండు పాదాలూ అంతే: మొదటిదాంట్లో భూ, పు; రెండోదాంట్లో దు, దు.

కానీ నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది వృత్తాల్లో, అంటే పాదానికి ఇన్ని అక్షరాలని లెక్క ఉన్న పద్యాల్లో, మకుటం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, లెక్కలున్నాయి.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. పదో అక్షరం దగ్గర యతి. 'దాశరథీ కరుణాపయోనిధీ', వేళ్ల మీద లెక్కపెట్టండి. దా, శ, ర, థీ, క, రు, ణా, ప, యో, ని, ధీ. పదకొండు. ఇరవైలో చివరి పదకొండు అంటే మకుటం ఏ అక్షరం దగ్గర మొదలవుతుంది? పదో అక్షరం దగ్గర. సరిగ్గా యతి స్థానంలో! చంపకమాలకు 21 అక్షరాలు, యతి పదకొండో అక్షరం. అక్కడా చివరి పదకొండే, అక్కడా మకుటం యతి మీదే వచ్చి పడుతుంది. అంటే 'దా' అనే అక్షరం యతి స్థానంలో ఎప్పుడూ కాచుకుని ఉంటుంది. దాని ఫలితం ఏమిటి? చివరి పాదం మొదటి అక్షరం 'దా'తో మైత్రి కుదిరేదే కావాలి. త, థ, ద, ధ, వాటికి తగిన అచ్చు. శతకమంతా ఈ షరతే. గోపన్న కలం పట్టకముందే ఆ పాదం మొదటి అక్షరం సగం నిర్ణయమైపోయి ఉంది. మొదటి పద్యం చివరి పాదం చూడండి: "తారకనామ భద్రగిరి దాశరథీ కరుణాపయోనిధీ." తా, దా.

ఇప్పుడు అందరికీ తెలిసిన పద్యం.

"భండనభీముఁ డార్తజనబాంధవుఁ డుజ్జ్వలబాణతూణ కో
దండకళాప్రచండ భుజతాండవకీర్తికి రామమూర్తికిన్
రెండవ సాటి దైవ మిఁక లేఁ డనుచున్ గడగట్టి భేరికా
డాండ డడాండ డాండ నినదంబు లజాండము నిండ మత్తవే
దండము నెక్కి చాటెదను దాశరథీ కరుణాపయోనిధీ"

పాదాలు లెక్కపెట్టారా? ఐదు. భేరీ మోతకు ఒక పాదం ఎక్కువ పట్టింది. పట్టనివ్వండి, ఎంత బాగుందో! ఇక్కడ నేను చూపించదలచుకున్నది ఏనుగు. "మత్తవేదండము నెక్కి" అన్నాడు. తెలుగులో, సంస్కృతంలో ఏనుగుకు మాటలు తక్కువా? గజము ఉంది, కరి ఉంది, దంతి ఉంది, మాతంగం ఉంది. ఆ మాతంగాన్ని ఆయనే ఇంకో పద్యంలో వాడాడు కూడా. ఇక్కడ వేదండమే ఎందుకు? వృత్తానికీ ప్రాస ఉండాలి, ఇక్కడ అది 'ండ'. భండ, దండ, రెండ, డాండ అని నడుస్తోంది. చివరి పాదంలో రెండో అక్షరం 'డ' కావాలి, ముందు సున్న ఉండాలి. మొదటి అక్షరం 'దా'తో యతి కుదరాలి. ఈ రెండూ కలిస్తే ఏమొస్తుంది? 'దండ'. అందుకని వేదండాన్ని తీసుకుని, 'వే' పై పాదం చివర వదిలి, 'దండము' కింది పాదం మొదట పెట్టాడు. ఆ ఏనుగును ఎంచింది ఎవరు? ఒక చెయ్యి ప్రాసది, ఒక చెయ్యి మకుటానిది. నేను చివరి నుంచి కడతారన్నది ఇందుకే. చుక్కలు పెట్టి మకుటం కొట్టేస్తే ఇక ఆ ఏనుగు ఎందుకొచ్చిందో మనకు తెలియదు.

ఇది గోపన్న ఒక్కడి నేర్పా? కాదు. ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వరా' చూడండి. ఏడక్షరాలు. శార్దూలం 19 అక్షరాలు, యతి 13. మత్తేభం 20, యతి 14. రెండింటిలోనూ చివరి ఏడు అక్షరాలు తీస్తే సరిగ్గా యతి దగ్గర 'శ్రీ' పడుతుంది. "రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు" అని మొదలైన పద్యం చివరికి ఎలా వస్తుంది? "జ్ఞానలక్ష్మీజాగ్రత్పరిణామ మిమ్ము దయతో శ్రీకాళహస్తీశ్వరా." ఆ పాదం 'క్ష్మీ' దగ్గర మొదలవుతుంది. క్ష్మీలో ఉన్న షకారానికీ శ్రీకీ యతి. రాజుల ముఖాన అంత మాట అన్న కోపం, "దయతో" అనే మాట మీదికి దిగి, అక్కడి నుంచి దేవుడి పేరు మీదికి చేరుతుంది. అంత కోపానికి ఆ దిగే మెట్టు అవసరం.

ఇంకా వెనక్కి, 13వ శతాబ్దానికి, పాల్కురికి సోమనాథుడి దగ్గరికి పోతే 'బసవా బసవా బసవా వృషాధిపా'. పదమూడక్షరాలు. యతి కంటే రెండక్షరాల ముందే మొదలవుతుంది. యతి మొదటి 'బసవా'లోని 'వా' మీద పడుతుంది. చెవికి ఎలా ఉంటుందంటే, మొదటి పిలుపు పద్యం లోపల ఉండగానే వచ్చేస్తుంది, మిగతా పిలుపులు పద్యం దాటాక వస్తాయి. భక్తుడు ఆగలేక ముందే పిలిచేసినట్టు. అనువైన చోటు చూసి వేసిన ఎత్తు అది, అయినా ఎంత సహజంగా ఉందో.

సరే, లెక్కలు చాలు. కొందరి ముఖాల్లో టెన్షన్ కనిపిస్తోంది. అర్థంలోకి వద్దాం.

నాలుగో పాదం ఖాయమైపోయిన కవికి మిగిలేది మూడు పాదాలు. వేమన చెప్పదలచుకున్నదంతా మూడు పాదాల్లో చెప్పేయాలి. వాక్యం మూడో పాదంలోనే పూర్తవాలి, మకుటంలోకి పాకడానికి వీల్లేదు. అందుకే ఆ పద్యాల నడక చూడండి: ఒక పోలిక, దాని మీద ఒక చూపు, ఆ వెంటనే మనిషి. ఉప్పు, కప్పురం, రుచి వేరు, పురుషుల్లోనూ అంతే. నాన్చడానికి చోటే లేదు. వేమన సూటిగా మాట్లాడతాడంటాం. నిజమే, ఆయన స్వభావం అది కావచ్చు. కానీ మకుటం కూడా ఆయన్ని అలా మాట్లాడించింది. గోపన్నకు ఆ ఇబ్బంది లేదు. ఆయన వాక్యం నాలుగో పాదంలోకి పారుతుంది, "చాటెదను" అని మకుటాన్ని ఆనుకుని ఆగుతుంది.

ఇక అసలు ప్రశ్న. నూరుసార్లు ఒకే మాట అంటే విసుగు రాదా? వస్తుంది, ఒకే అర్థంతో అంటే. మంచి శతకంలో మాట మారదు కానీ అర్థం మారుతుంది. శేషప్ప పద్యం "తల్లిగర్భమునుండి ధనము తేఁడెవ్వఁడు" అందరూ విన్నదే. లక్షాధికారి అయినా తినేది ఉప్పన్నమే కాని బంగారం మింగబోడు అంటాడు. "తుదకు దొంగల కిత్తురో దొరల కవునో, తేనె జుంటీఁగ లియ్యవా తెరువరులకు" అంటాడు. ఆ వెంటనే మకుటం: "భూషణవికాస". ఆభరణాలతో వెలిగేవాడా! బంగారం ఎందుకూ కొరగాదని ఇప్పుడే కదా అన్నాడు, ఇంతలో ఒంటినిండా నగలున్న దేవుడు. ఇంకో పద్యం చివర ఈ మాట వస్తే మామూలు సంబోధనగా వెళ్లిపోతుంది. ఇక్కడ అలా వెళ్లదు. ఆ బంగారం అంతా ఎక్కడ ఉంటే అందమో ఆ ఒక్క మాట చెప్పేస్తోంది. కవి ఒక్క అక్షరం మార్చలేదు. మార్చింది పైన ఉన్న సీసం.

దీన్ని ఆటగా ఆడినవాడు కాసుల పురుషోత్తమ కవి. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఉన్న ఆంధ్రవిష్ణువు మీద శతకం. ఆయన మకుటం "చిత్రచిత్ర ప్రభావ దాక్షిణ్యభావ, హతవిమతజీవ శ్రీకాకుళాంధ్రదేవ". శతకం నిండా నిందాస్తుతి, తిడుతున్నట్టే పొగడటం. ఒక పద్యంలో దేవుడి గొప్పలన్నీ ఒక్కొక్కటే లాగేస్తాడు. భారమంతా మోసేవాడివన్న పేరు నీ భార్య భూదేవి వల్ల వచ్చింది. అడిగినవి ఇస్తావన్న పేరు లక్ష్మి వల్ల. పెద్ద కుటుంబీకుడివన్న పేరు కొడుకు బ్రహ్మ వల్ల. పతితపావనుడివన్న పేరు కూతురు గంగ వల్ల. "ఆండ్రు బిడ్డలు దెచ్చు ప్రఖ్యాతి గాని, మొదటినుండియు నీవు దామోదరుఁడవె." కడుపుకు తాడు కట్టించుకున్నవాడివే కదయ్యా అని! అప్పుడొస్తుంది మకుటం: "చిత్రచిత్ర ప్రభావ". పొగడ్తా, ఎత్తిపొడుపా? రెండూ. మామూలు పద్యం కింద అది పొగడ్త. ఈ పద్యం కింద దెప్పుతుంది. వెంటనే "దాక్షిణ్యభావ" అని బుజ్జగిస్తుంది కూడా. మకుటం పెట్టుకున్నప్పుడే ఆయన ఈ రెండు చూపులకూ పనికొచ్చే మాట చూసి పెట్టుకున్నాడని నా నమ్మకం.

వేరే భాషల్లో పాదాలు తిరిగి రావడం లేదా అంటే, ఉంది. మలయ్ పంతున్ సంప్రదాయంలో గొలుసుకట్టు పద్ధతి ఉంది. ఒక చరణంలోని రెండు, నాలుగు పాదాలు తర్వాతి చరణంలో ఒకటి, మూడు పాదాలవుతాయి. 19వ శతాబ్దంలో అది ఫ్రెంచి కవులకు చేరి పాంటూమ్ అయింది. విలనెల్ అని మరొకటి: 19 పాదాలు, అందులో రెండు పాదాలు చెరి నాలుగుసార్లు వస్తాయి. అవి ఒక్క కవిత లోపలే తిరుగుతాయి. మన మకుటం పద్యం దాటి పద్యానికి వెళుతుంది, పుస్తకమంతా నడుస్తుంది. ఆ దూరం వల్ల వచ్చే బలం వేరు.

దూరం వల్ల ఒక ప్రమాదం కూడా వచ్చింది. మకుటం తెలిసిన ప్రతివాడూ పద్యం కట్టేయగలడు. మూడు పాదాలు రాసి కింద 'వినురవేమ' అంటే వేమన పద్యమే! వేమన పేరుతో వేల పద్యాలు తిరుగుతున్నాయి. ఏది ఆయనది, ఏది కాదు అని ఎవరూ తేల్చి చెప్పలేకపోతున్నారు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేసినప్పటి నుంచీ ఆ చర్చ ఉంది. నాకైతే దీని మీద కోపం లేదు. పేరు తెలియని మనుషులు తమకు తోచిన మంచి మాటను ఆయన గొంతుతో చెప్పుకున్నారు. ఆ తలుపు తెరిచి పెట్టింది ఆ ఐదు సూర్యగణాలే.

ఇక్కడ కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు, పద్యం రాయాలని ఉన్నవాళ్లు. మీకోసం ఒక మకుటం కట్టి తెచ్చాను. "చెట్టు నీడలోన చిట్టితల్లి." ఐదు సూర్యగణాలు, చె, చి యతి. ఇప్పుడు దీనికి పైన ఇది పెడతాను:

"నీళ్లు పోసినంత నిలువదు మొక్కయు
నిలిచి చూడవలయు నెలలు కొన్ని
చదువు కూడ నంతె సాగును మెల్లగా
చెట్టు నీడలోన చిట్టితల్లి"

మొక్క గురించి మాట్లాడాం, కింద చెట్టు వచ్చింది. ఆ మొక్కే ఎదిగి చెట్టయినట్టుంది. హాయిగా ఉంది. ఇప్పుడు పై మూడు మార్చేస్తాను:

"కూలికేగువారి కుండలో నీరేది
కాళ్లు కాలుచుండ కంచె దాటి
పోవువారి బాధ పోల్చుకో నీవైన
చెట్టు నీడలోన చిట్టితల్లి"

అదే పాదం. అదే చెట్టు, అదే నీడ, అదే పిల్ల. హాయి ఉందా? లేదు. నీడలో కూర్చుని ఉన్నావు సుమా అని గుచ్చుతోంది. నేను ఆ పాదాన్ని ముట్టుకోలేదు.

కాబట్టి రాసేవాళ్లు ముందు ఈ పని చేయండి. మకుటం రాసుకుని, దాని పైన రెండు పూర్తి భిన్నమైన విషయాలు ఊహించుకోండి. రెండింటికీ అది ఒకేలా మోగితే ఆ మకుటం వదిలేయండి, నూరు పద్యాలు నడవదు. వృత్తాల్లో రాసేవాళ్లు యతి స్థానంలో ఏ అక్షరం పడుతుందో చూసుకోండి. 'క' పడితే క, ఖ, గ, ఘ నాలుగూ కలిసొస్తాయి. కొన్ని అక్షరాలకు అంత చుట్టరికం ఉండదు, పదో పద్యానికే మాటలు అయిపోతాయి. గోపన్నకు వేదండం దొరికింది, మనకు ప్రతిసారీ దొరకదు.

సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను. ఎవరైనా మకుటం కట్టి తెస్తే కూర్చుని చూద్దాం. గణాలు విడగొట్టి, యతి అక్షరం కింద గీత గీసి తీసుకురండి.